మారుతున్న పేటను సందర్శకులకు చూపేటప్పుడు ఏది దాగిపోతుంది?

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్న మేరకు ముందుగా చెబుతాను. అద్దెలు వేగంగా పెరుగుతున్న ఒక పాత పేటకు మీరు కొత్తగా వచ్చి చేరారు. ఆ పేట మీకు నచ్చింది. వారాంతాల్లో సందర్శకులను వెంటబెట్టుకుని వీధులు తిప్పి చూపిస్తున్నారు, వారి కోసం చిన్న చిన్న పరిచయ వ్యాసాలు కూడా రాస్తున్నారు. ఎక్కడా అబద్ధం రాయలేదు, ఎవరినీ కించపరచలేదు. అయినా అక్కడే పుట్టి పెరిగిన ఒక పెద్దావిడ మీ మాటలను కాసేపు విని, మీరు చెప్పేది మా పేట గురించి కాదని అనేసి వెళ్లిపోయారు. తప్పెక్కడ జరిగింది, బయటినుంచి వచ్చినవారు అసలు ఈ పని చేయవచ్చా, చేస్తే ఎలా చేయాలి అన్నవి మీ సందేహాలు.

గైడులకు శిక్షణ ఇవ్వడం, వారి వ్యాఖ్యానాలను సరిదిద్దడం నా వృత్తి కాబట్టి ఈ ఫిర్యాదు నాకు కొత్త కాదు. బయటివారు ఈ పని చేయవచ్చుననే నా అభిప్రాయం. తప్పు మీ పొగడ్తలోనో విమర్శలోనో ఉండకపోవచ్చు. ఇలాంటి రాతల్లో నాకు తరచుగా కనిపించే లోపం వేరు: పేటలో వచ్చిన మార్పును ఎవరూ చేయనట్టు, ఋతువు మారినట్టు దానంతట అదే జరిగిపోయినట్టు చెప్పడం. ఆ పెద్దావిడకు ఆ మార్పు చేసినవారు ఎవరో తెలుసు. కొందరి పేర్లతో సహా తెలుసు. మీ వ్యాఖ్యానంలో వారెవరూ లేరు, ఆవిడా లేరు.

నా ముందుకు వచ్చే వ్యాఖ్యానాలన్నిటినీ కలిపి పిండితే ఇలాంటి నాలుగు వాక్యాలు మిగులుతాయి: "ఒకప్పుడు చీకటి పడితే ఎవరూ అడుగుపెట్టని ఈ పేట, కళాకారుల రాకతో కొత్త ఊపిరి పోసుకుంది. పాత గోదాముల్లో ఇప్పుడు గ్యాలరీలు, కాఫీ షాపులు వెలిశాయి. అయినా పేట తన అసలు స్వభావాన్ని కోల్పోలేదు. జనం కనిపెట్టేలోపే వెళ్లి చూసి రండి." మొదటి వాక్యంలోని "ఎవరూ" అన్న మాటలో, రాత్రి షిఫ్టు ముగించుకుని ప్రతిరోజూ ఆ చీకట్లోనే ఇంటికి నడిచి వచ్చిన కొన్ని వేలమంది లేరు. రెండో వాక్యం ఇంకా విచిత్రం. గోదాములో గ్యాలరీ స్వయంభువుగా వెలవదు. ఒక కార్ఖానా మూతపడాలి, ఒకరి లీజు రద్దు కావాలి, మరొకరికి కొత్త లీజు రాయాలి, పరిశ్రమల కోసం కేటాయించిన భూమిలో నివాసాలు కట్టవచ్చని నగరపాలక సంస్థ ఎక్కడో ఒక తీర్మానం చేయాలి. ఇక చివరి వాక్యంలో చెప్పే "జనం" అంటే, ఇప్పటికే అక్కడ ఉన్న జనం కాదన్నది స్పష్టమే.

న్యూయార్క్‌లోని విలియమ్స్‌బర్గ్‌ను తీసుకోండి. ఈ తరహా కథనానికి ప్రపంచంలో అంతగా అరిగిపోయిన ఉదాహరణ మరొకటి ఉండదు. అద్దెలు చౌకగా ఉన్నాయని కళాకారులు నది దాటి వచ్చారు, వారి వెనుక సంగీతం వచ్చింది, ఆ వెనుక హోటళ్లు వచ్చాయి అని సందర్శకులకు చెబుతారు. అందులో ఏదీ అబద్ధం కాదు. కానీ నది ఒడ్డున ఈనాడు కనిపించే ఆకాశహర్మ్యాలు సంగీతం వల్ల లేవలేదు. 2005 మే నెలలో న్యూయార్క్ నగర మండలి గ్రీన్‌పాయింట్, విలియమ్స్‌బర్గ్ తీర ప్రాంతాల జోనింగ్‌ను, అంటే ఏ నేలను దేనికి వాడవచ్చో చెప్పే నిబంధనలను, మార్చి, దశాబ్దాలుగా పరిశ్రమలకు పరిమితమైన నేలలో ఎత్తైన నివాస భవనాలకు అనుమతి ఇచ్చింది. ఈ ఒక్క వాక్యం చేరిస్తే మీ శ్రోతకు పేట ఒక నిర్ణయం వల్ల మారిందని తెలుస్తుంది. నిర్ణయం అన్నాక దాన్ని ఎవరు అడిగారు, ఎవరు వ్యతిరేకించారు, ఎవరికి లాభించింది అన్న ప్రశ్నలు వాటంతట అవే పుట్టుకొస్తాయి.

అక్కడే డొమినో చక్కెర శుద్ధి కర్మాగారం ఉండేది. 2004లో అక్కడ చక్కెర శుద్ధి ఆగిపోయింది, 2018 జూన్‌లో దాని ఒడ్డున ఒక పార్కు తెరిచారు. పాత క్రేన్లను, సిరప్ ట్యాంకులను శుభ్రం చేసి, వరుసగా నిలబెట్టి, వాటి పక్కన జనం నడవడానికి దారి వేశారు. చూడటానికి బాగానే ఉంటుంది, నేను కాదనను. అయితే ఆ యంత్రాలను నడిపిన కార్మికులు 1999 జూన్ నుంచి 2001 ఫిబ్రవరి దాకా 20 నెలల పాటు సమ్మె చేశారు. ఆ నగర చరిత్రలోని అతి దీర్ఘమైన సమ్మెల్లో అది ఒకటి. క్రేన్ కంటికి ఆనుతుంది కాబట్టి దాన్ని వేలితో చూపిస్తే సరిపోతుంది. సమ్మెకు ఆకారం లేదు, దాన్ని నోటితో చెప్పాలి. చూపగలిగిన వస్తువు చుట్టూ మాత్రమే వ్యాఖ్యానం అల్లుకునే గైడుకు యంత్రం మిగులుతుంది, మనిషి జారిపోతాడు. అదే విలియమ్స్‌బర్గ్ దక్షిణ భాగంలో ప్యూర్టో రికో, డొమినికన్ కుటుంబాల వాడ ఉంది. యజమానులు వదిలేసి పోగా నగరం చేతికి వచ్చిన భవనాల నిర్వహణను అద్దెకుండేవారే చేపట్టిన లాస్ సూరెస్ అనే సంస్థ అక్కడ 1972లో పుట్టింది. కళాకారులు రాకముందు అక్కడ ఏమీ లేదనే కథనంలో ఈ సంస్థకు చోటెక్కడ? పేట కూలిపోకుండా నిలబెట్టినవారు ఒకరు, నిలబడిన పేటను "కనుగొన్న" పేరు కొట్టేసినవారు మరొకరు.

ఈ ప్రక్రియకు జెంట్రిఫికేషన్ అని పేరు పెట్టింది సామాజికవేత్త రూత్ గ్లాస్. లండన్‌లోని కార్మిక వాడల్లోకి మధ్యతరగతివారు ప్రవేశించి, పాత ఇళ్లను బాగుచేసుకుని, చివరికి మొదటి నివాసులలో చాలామందిని అక్కడి నుంచి కదిలించడాన్ని 1964లో ఆమె వర్ణించారు. 1979లో భూగోళ శాస్త్రవేత్త నీల్ స్మిత్ దీన్ని మరో వైపు నుంచి చూశారు. ఒక స్థలం ఇప్పుడు ఇస్తున్న అద్దెకు, ఇంకోలా వాడితే ఇవ్వగలిగిన అద్దెకు మధ్య తేడా బాగా పెరిగినప్పుడు పెట్టుబడి అక్కడికి తిరిగి వస్తుందని, మనుషుల అభిరుచులకంటే ముందు ఈ లెక్కను చూడాలని ఆయన వాదించారు. ఈ వాదనపై పండితుల మధ్య తగవులు ఇంకా నడుస్తూనే ఉన్నాయి. గైడుకు మాత్రం ఇది ఉపయోగపడే సాధనం, ఎందుకంటే పేట పాడైపోయిన కాలాన్ని కూడా ఇది వివరిస్తుంది. మరమ్మతులు ఆపేసిన యజమాని, రుణం నిరాకరించిన బ్యాంకు, చెత్త ఎత్తడం తగ్గించిన నగరపాలక సంస్థ ఉంటేనే ఆ తేడా అంతగా పెరుగుతుంది. పేట చెడిపోవడంలోనూ బాగుపడటంలోనూ తిలా పాపం తలా పిడికెడు అన్నట్టు చాలామంది చేతులున్నాయి. సందర్శకుడు వినే కథలో మాత్రం చెడగొట్టినవారు స్థానికులు, బాగుచేసినవారు కొత్తవారు.

బయటివారి వర్ణన పేటకు కీడు చేయడం ఈనాటిది కాదు. చార్లెస్ బూత్ అనే నౌకా వ్యాపారి 1889లో లండన్ పేదరిక పటాలను ప్రచురించినప్పుడు ఒక్కొక్క వీధికి ఒక్కొక్క రంగు వేశారు. అట్టడుగు వీధులకు నలుపు వేసి, అక్కడ ఉండేవారు దుర్మార్గులు, సగం నేరస్థులు అనే అర్థం వచ్చే వివరణ పక్కన చేర్చారు. ఆయన ఉద్దేశం మంచిదే, పేదరికం ఎంత ఉందో లెక్క తేల్చడం. అయినా ఆ రంగు ఆ వీధిలో ఉన్న ప్రతి ఇంటికీ అంటుకుంది. 1930ల అమెరికాలో ప్రభుత్వ గృహరుణ సంస్థ నగరాలకు పటాలు గీయించి, నల్లజాతివారు, వలసవచ్చినవారు ఎక్కువగా ఉన్న పేటలకు ఎరుపు వేసి ప్రమాదకరమని రాసింది. 1934లో ఏర్పడిన ఫెడరల్ హౌసింగ్ అడ్మినిస్ట్రేషన్ కూడా అలాంటి పేటల్లో ఇచ్చే రుణాలకు బీమా నిరాకరించడంతో, అక్కడ ఇల్లు కొనుక్కోవడం గగనమైపోయింది.

ఇప్పుడు పటాలకు రంగులు వేసేది మనబోటివాళ్లం. సామాజికవేత్త షరాన్ జూకిన్, మరో ఇద్దరు పరిశోధకులు కలిసి 2015లో వెలువరించిన ఒక అధ్యయనాన్ని నా దగ్గరికి వచ్చే ప్రతి గైడుకూ చెబుతాను. న్యూయార్క్‌లోని బ్రూక్లిన్ ప్రాంతంలో అద్దెలు పెరుగుతున్న రెండు పేటల్లోని హోటళ్ల గురించి యెల్ప్ అనే వెబ్‌సైట్‌లో జనం రాసిన సమీక్షలను వారు పరిశీలించారు. గ్రీన్‌పాయింట్ పోలిష్ కుటుంబాల పేట, బెడ్‌ఫర్డ్-స్టైవెసంట్ నల్లజాతివారి పేట. రాసినది భోజనం గురించే అయినా సమీక్షకులు పేట గురించీ నాలుగు మాటలు చేర్చారు. గ్రీన్‌పాయింట్‌లోని పాత పోలిష్ హోటళ్లు వారికి ఆత్మీయంగా, అసలైన సంప్రదాయంగా కనిపించాయి. బెడ్‌ఫర్డ్-స్టైవెసంట్ ప్రసక్తి వచ్చేసరికి ప్రమాదం, మురికి వంటి మాటలు దొర్లాయి. అక్కడ మెచ్చుకోళ్లు కొత్తగా తెరిచిన చోట్లకు దక్కాయి. పాతదనం ఒక పేటలో ఆకర్షణ, మరో పేటలో లోపం. ఈ తేడాను వారు ఆ పాత ఎర్రరంగు పటాలతో పోల్చారు. సమీక్ష రాసిన ఏ ఒక్కరూ తాము పెట్టుబడికి దారి చూపుతున్నామని అనుకుని ఉండరు. మీరూ అనుకోరు.

బస విషయంలో ఈ వర్ణన నేరుగా డబ్బవుతుంది. సందర్శకులకు ఇళ్లు, గదులు అద్దెకిప్పించే ఎయిర్‌బీఎన్‌బీ కంపెనీ జాబితాలను విశ్లేషించే ఇన్‌సైడ్ ఎయిర్‌బీఎన్‌బీ అనే స్వతంత్ర ప్రాజెక్టు 2017లో న్యూయార్క్‌లో నల్లజాతివారు అధికంగా ఉన్న 72 పేటలను చూసి, అక్కడ గదులు అద్దెకిస్తున్నవారిలో 74 శాతం తెల్లజాతివారని, నివాసుల్లో వారి వాటా 13.9 శాతమేనని తేల్చింది. ఆతిథేయుల ఫోటోలను బట్టి వేసిన అంచనా ఇది, ఆ కంపెనీ దీన్ని అంగీకరించలేదు. అయినా సంఖ్యల మధ్య అంతరం చిన్నది కాదు. ఊరుకాని ఊరి నుంచి వచ్చే సందర్శకుడికి ఆ పేట గురించి మొదటి పరిచయం రాసేది ఎవరో దీన్ని బట్టి ఊహించుకోవచ్చు.

ఇక ప్రమాదాన్ని అలంకారంగా వాడుకోవడం గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మంచి అభిరుచి ఉన్న గైడులు సైతం ఇక్కడే జారుతారు. 2017లో బ్రూక్లిన్‌లోని క్రౌన్ హైట్స్‌లో కొత్తగా తెరిచిన ఒక బార్, తన ప్రచార ప్రకటనలో తూటా రంధ్రాలు పడిన గోడను ఒక విశేషంగా చెప్పుకుంది. వెనుక గదిలో ఒకప్పుడు దొంగతుపాకుల దుకాణం ఉండేదన్న వదంతిని కూడా దానికి జోడించింది. వైన్ సీసాలను, పేదపేటల్లో చవక మద్యం తాగేవారిని గుర్తుచేసేలా, గోధుమరంగు కాగితపు సంచుల్లో పెట్టి ఇచ్చింది. అవి అసలు తూటా రంధ్రాలే కావని తరువాత తేలింది. పేటవాసులు బార్ ముందు గుమిగూడి నిరసన తెలిపారు. ఆ గోడ నిజంగానే తూటాలు తిన్నదైతే మాత్రం, ఆ కాలంలో కొడుకును పోగొట్టుకున్న తల్లి అదే వీధిలో ఉండవచ్చునన్న ఆలోచన ప్రకటన రాసినవారికి రాలేదు. పేట చరిత్రలో వారికి పనికొచ్చిన భాగం అదొక్కటే కాబట్టి, దొరకనిచోట కల్పించుకున్నారు.

దీనికి రెండేళ్ల ముందు, 2015లో, అదే నగరంలోని సౌత్ బ్రాంక్స్‌లో ఇంకా పెద్ద ఎత్తున ఇదే జరిగింది. అక్కడి నదీ తీరాన్ని "పియానో డిస్ట్రిక్ట్" అని పిలవడం మొదలుపెట్టిన స్థిరాస్తి వ్యాపారులు ఒక పార్టీ ఇచ్చారు. ఒకప్పుడు అక్కడ పియానోల కర్మాగారాలు ఉండేవన్నది నిజమే. కానీ పార్టీకి వచ్చిన ప్రముఖుల కోసం అలంకరణగా పెట్టినవి పియానోలు కావు. మండుతున్న చెత్తడబ్బాలు, తూటాలతో తూట్లుపడిన కార్లు. 1970, 1980 సంవత్సరాల మధ్య బ్రాంక్స్‌లో 44 జనగణన విభాగాలు మంటలకో, యజమానులు వదిలేయడానికో గురై సగానికి పైగా భవనాలను కోల్పోయాయి. అగ్నిమాపక దళాలను నగరం మూసేసిన కాలం అది, బీమా సొమ్ము కోసం సొంత భవనాలకు నిప్పు పెట్టించిన యజమానులున్న కాలం అది. ఆ మంటలను ఎవరూ చేయని దృశ్యంగా మార్చి, అదే నేలను అమ్ముకోవడానికి వాడారు. అదే బ్రాంక్స్‌లో 2013లో ఒక సంస్థ విదేశీ పర్యాటకులను బస్సులో తిప్పుతూ, ఉచిత ఆహారం కోసం చర్చి ముందు వరుసలో నిలబడినవారిని కిటికీలోంచి చూపించింది. విషయం పత్రికలకెక్కాక, బ్రాంక్స్ బరో (నగరంలోని పాలనా విభాగం) అప్పటి అధ్యక్షుడు రూబెన్ డియాజ్ జూనియర్ తదితరులు బహిరంగంగా ఖండించాక ఆ యాత్రలు ఆగిపోయాయి. ఆ మాటకొస్తే, 1890ల ప్రాంతంలోనే చక్ కానర్స్ అనే గైడు న్యూయార్క్ చైనాటౌన్‌లో మనుషుల చేత వేషం కట్టించి, నకిలీ నల్లమందు గదులను పర్యాటకులకు చూపించేవాడు. గిరాకీ పాతదే.

ఇవన్నీ చదివి, స్థానికులు చెప్పేది మాత్రమే సత్యమని మీరు తీర్మానించుకుంటే మరో తప్పు చేసినట్టవుతుంది. పేటవాసులందరిదీ ఒకే గొంతు కాదు. సొంత ఇల్లున్న కుటుంబానికి ధర పెరగడం లాభం కావచ్చు, పక్కింట్లో అద్దెకుండేవారికి అదే గండం. న్యూయార్క్‌లో నల్లజాతివారి పేటలైన హార్లెమ్, క్లింటన్ హిల్‌ల పాత నివాసులతో మాట్లాడి పరిశోధకుడు లాన్స్ ఫ్రీమన్ 2006లో ప్రచురించిన పరిశోధనలో ఈ ద్వైధీభావమే కనిపిస్తుంది. మంచి దుకాణాలు వచ్చాయని, వీధులు భద్రంగా ఉన్నాయని వారు సంతోషించారు. ఇవన్నీ తాము అడిగినప్పుడు రాకుండా, తెల్లవారు వచ్చాకే ఎందుకు వచ్చాయని అనుమానించారు కూడా. ఆ అనుమానాన్ని వదిలేసి సంతోషాన్ని మాత్రమే ఉటంకించే గైడును నేను నమ్మను. సంతోషాన్ని దాచి కోపాన్ని మాత్రమే వినిపించేవారి మీదా నాకు పెద్దగా నమ్మకం లేదు.

స్థానికులే గైడులైనంత మాత్రాన సమస్య తీరదనడానికి కొలంబియాలోని మెడెయీన్ నగరంలో కొమూనా 13 అనే పేట సరైన ఉదాహరణ. కొండవాలులో 2011 డిసెంబరులో ఎస్కలేటర్లు వచ్చాక, గోడచిత్రాల చుట్టూ అక్కడి యువకులే యాత్రలు నడుపుతున్నారు. ఒకప్పటి హింస, ఇప్పటి రంగులు అనే కథ సందర్శకులకు బాగా పడుతుంది. కానీ 2002 అక్టోబరులో సైన్యం, పోలీసులు చేసిన ఆపరేషన్ ఓరియన్ అనే సాయుధ దాడి కాలంలో మాయమైపోయిన తమవారి కోసం అక్కడి తల్లులు ఏళ్ల తరబడి పోరాడారు. వారు మొదటి నుంచీ వేలెత్తి చూపిన లా ఎస్కోంబ్రేరా అనే భవన వ్యర్థాల దిబ్బలో మానవ అవశేషాలు బయటపడింది 2024 డిసెంబరులో. హింస గడిచిపోయిన కథ అని చెప్పే వ్యాఖ్యానం, ఆ తల్లుల వెతుకులాట ఇంకా ముగియలేదన్న నిజాన్ని పక్కకు నెడుతుంది. ఎవరు చెబుతున్నారన్నది ముఖ్యమే, అయితే కొనేవాడికి ఏ ముగింపు కావాలన్నదే చాలాసార్లు కథను నిర్ణయిస్తుంది.

ప్రభుత్వాలు కొన్నిచోట్ల నిషేధాలతో దీన్ని చక్కబెట్టాలని చూశాయి. 2005 నాటి కత్రినా తుపాను తరువాత అమెరికాలోని న్యూ ఆర్లీన్స్ నగర మండలి 2006లో, దెబ్బతిన్న లోయర్ నైంత్ వార్డులోకి పర్యాటక బస్సులను రానివ్వలేదు. ఆమ్‌స్టర్‌డామ్ 2020లో రెడ్ లైట్ ప్రాంతపు గైడెడ్ యాత్రలను ఆపింది. రద్దీకి, అవమానానికి ఇవి కొంత అడ్డుకట్ట వేస్తాయి. గైడు మాటలను మాత్రం ఏ నిబంధనా రాసిపెట్టలేదు. అది మీ చేతిలో పనే.

కాబట్టి మీ విషయానికి వస్తాను. మీ వ్యాఖ్యానాన్ని కాగితం మీద పెట్టుకుని, మార్పును చెప్పే ప్రతి వాక్యం దగ్గరా ఆగి, ఆ పని చేసినవారెవరో రాయండి. తెలియకపోతే నగరపాలక సంస్థ తీర్మానాలు, భూమి రిజిస్ట్రేషన్ పత్రాలు, పాత వార్తాపత్రికలు చూడండి. అప్పటికీ తెలియకపోతే ఆ వాక్యం తీసేయండి. "కొత్త ఊపిరి", "పునర్జన్మ" వంటి మాటలు పేట అంతకుముందు చచ్చిపోయిందని ఒప్పుకుంటేనే నిలుస్తాయి కాబట్టి, వాటి జోలికి పోకండి. పేటకు స్థిరాస్తి వ్యాపారులు పెట్టిన కొత్త పేరును అక్కడ ఎవరూ పలకకపోతే మీరూ పలకవద్దు. 2017లో హార్లెమ్ దక్షిణ భాగానికి "సోహా" (సౌత్ హార్లెమ్‌కు కుదింపు) అన్న పేరు అంటించబోతే అక్కడివారు ఎంత మండిపడ్డారంటే, నివాసుల సమ్మతి లేకుండా పేటల పేర్లు మార్చి అమ్ముకునేవారిపై జరిమానా వేయాలని ఒక రాష్ట్ర సెనేటర్ బిల్లు ప్రతిపాదించారు.

మీరు అక్కడికి వచ్చి ఎంతకాలమైందో, అద్దెకుంటున్నారో కొనుక్కున్నారో నడక మొదట్లోనే సందర్శకులకు చెప్పండి. అది అపరాధ ప్రకటనలా సాగదీయనక్కరలేదు, ఒక్క వాక్యం చాలు. మీ మాటను ఎంతవరకు తీసుకోవాలో వారే తేల్చుకుంటారు. గుంపుతో ఇళ్ల గుమ్మాల ముందు, కొలువు దొరికే అడ్డాల దగ్గర, ఆహారం పంచేచోట ఆగకండి. అక్కడి బతుకుల గురించి చెప్పవలసి ఉంటే నాలుగు వీధులు దాటాక చెప్పవచ్చు.

పాతవారిని మధ్యలో పలకరించి రెండు మాటలు చెప్పించడం చాలామంది చేసే పని, నాకది నచ్చదు. అది వారి సమయాన్ని ఊరికే వాడుకోవడమే అవుతుంది. లండన్‌లో అన్‌సీన్ టూర్స్ అనే సంస్థ 2010 నుంచి, ఇల్లు లేక వీధుల్లో బతికిన అనుభవం ఉన్నవారినే గైడులుగా పెట్టి, వారికి ఆదాయం వచ్చేలా యాత్రలు నడుపుతోంది. మీరు కూడా నడకలో సగభాగాన్ని ఆ పేట మనిషికి అప్పగించి, రుసుములో సగం ఇవ్వండి. ఏం చెప్పాలో మీరు రాసి ఇవ్వకండి. ఆ పెద్దావిడ ఒప్పుకుంటే ఆవిడతోనే మొదలుపెట్టవచ్చు, ఒప్పుకోకపోతే బలవంతపెట్టవద్దు. మీరు చెప్పేదానికి విరుద్ధంగా వారు చెబితే సందర్శకుల ముందు సర్దిచెప్పే ప్రయత్నం కూడా చేయకండి.

రాతల విషయంలో చివరగా ఒక మాట. ఇలాంటి పేటల గురించిన వ్యాసాలు చాలా త్వరగా పాతబడతాయి. రాసిన నెల, సంవత్సరం పైన వేయండి. మీరు పేర్కొన్న దుకాణం మూతపడితే దాని ప్రస్తావనను తొలగించి, ఆ స్థానంలో వచ్చినదాని పేరు పెట్టేసి ఊరుకోకండి. ఫలానా నెలలో మూతపడిందని, లీజు ముగిసిందో అద్దె పెంచారో యజమానిని అడిగి, వారు సరేనంటే ఆ కారణం కూడా అక్కడే ఉంచండి. కొన్నేళ్లకు మీ వ్యాసంలో తెరిచినవాటికంటే మూసినవే ఎక్కువ కావచ్చు, అప్పుడు కూడా వాటిని తీసేయవద్దు.